ఇతరుల తాళపుచెవులు

ఒకరి సొత్తును మరియొకరు నమ్మకముమీద దాచియుంచుట మన సంఘమునకు క్రొత్త కాదు. కాశికో శ్రీశైలమునకో బోవు గృహస్థుడు నగలపెట్టెను నమ్మదగిన షావుకారు ఇంటనో మఠములోనో ఒప్పగించి వెళ్ళెడివాడు. పలుమార్లు పత్రముండెడిది కాదు, సాక్షులును ఉండెడివారు కారు. తిరిగి వచ్చినపుడు పెట్టె యథాతథముగ చేతికి రావలెను. రానిచో ఆ ఇంటివారి మాట ఊరిలో చెల్లెడిది కాదు. ఈ ఏర్పాటునకు మన పెద్దలు నిక్షేపమని పేరు పెట్టి, దానికి సంబంధించిన ధర్మములను విస్తారముగ విచారించిరి.

నేడు మనలో ప్రతి గృహస్థుడును, చదువుకొను ప్రతి బాలుడును తనకు తెలియకయే అట్టి నిక్షేపములను పదులకొలది చేయుచున్నాడు. రైలు టిక్కెట్టు కొనుటకొక వెబ్‌సైటు, కరెంటు బిల్లు కట్టుట కొకటి, పరీక్షాఫలితము చూచుట కొకటి, వధూవరుల వివరములు వెదకుట కొకటి. పెక్కు చోట్ల పేరు, ఫోను నంబరు, ఈ-మెయిలు చిరునామా, వానితోపాటు పాస్‌వర్డు అను ఒక రహస్యపదము ఇచ్చి రావలసియున్నది. ఆ సైటు యజమాని ముఖమును మనము చూచినవారము కాము. అతడే ఊరివాడో తెలియదు. ఐనను మన ఇంటి తాళపుచెవి వంటిదానిని అతని చేతిలో పెట్టి వచ్చుచున్నాము.

అతని యొద్దనుండి ఆ రహస్యపదము దొంగల పాలయినచో దోషమెవ్వరిది? ప్రశ్న చిన్నదిగ కనిపించును. సమాధానము మాత్రము అంత తేలిక కాదు. యజమానుల నోట సాధారణముగ మూడు మాటలు వినబడుచుండును. దొంగతనము చేసినవాడు హ్యాకరు, మేము కాము అనునది మొదటిది. వాడుకదారుడు బలహీనమైన పాస్‌వర్డు పెట్టుకొనెను, మేమేమి చేయుదుము అనునది రెండవది. మా సైటులో దొంగిలించుటకు ఏమున్నదండీ అనునది మూడవది. ఈ మూడవ మాట వినుటకు వినయముగ నుండును గాని, నా అభిప్రాయములో అన్నింటికంటె ప్రమాదకరమైన దదియే. దాని సంగతి ముందు చూచెదము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో రాక్‌యూ అను ఒక సంస్థ యుండెడిది. స్నేహితుల ఫోటోలను అలంకరించి చూపుట, కాలక్షేపపు ఆటలు కల్పించుట దాని వ్యాపారము. బ్యాంకు కాదు, ఆసుపత్రి కాదు. 2009 డిసెంబరులో ఒక హ్యాకరు ఆ సంస్థ నిల్వలో చొరబడి 3 కోట్ల 20 లక్షలకు పైబడిన పాస్‌వర్డులను తీసికొని పోయెను. అతడు వాడిన ఉపాయము ఆనాటికే పదేండ్లుగా అందరికి తెలిసినది. పేరు వ్రాయవలసిన గడిలో పేరునకు బదులు నిల్వయంత్రమునకు ఒక ఆజ్ఞను వ్రాయుట; గడిలోని వ్రాతను పరీక్షింపక లోనికి పంపు సైటయినచో యంత్రము ఆ ఆజ్ఞను శిరసావహించును. ద్వారపాలకుడు ఎవడు ఏ చీటి ఇచ్చినను చదువకయే రాజుగారి ముద్ర వేసి లోనికి పంపిన చందమిది.

అంతకంటె ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఆ పాస్‌వర్డులన్నియు ఎట్టి మరుగును లేక, అక్షరము అక్షరముగ, చిట్టాలో వ్రాసుకొన్నట్లు ఉంచబడినవి. పత్రికలు ఆ పట్టికను పరిశీలించి, 2 లక్షల 90 వేల మంది 123456 అనునదే తమ రహస్యపదముగ పెట్టుకొనిరని వ్రాసినవి. లోకము వాడుకదారుల తెలివితక్కువకు నవ్వుకొన్నది. నవ్వవలసినది యజమానిని చూచి కాదా? 123456 అని పెట్టినవాడు తన తలుపు తాను వదలుగ వేసికొనెను. అక్షరాల వ్రాసియుంచినవాడు, గట్టిగ వేసికొన్నవారి తలుపులను సైతము తెరచి పెట్టెను. ఆ పట్టిక నేటికిని నశింపలేదు. కంప్యూటరు భద్రత నేర్చుకొను విద్యార్థులును, దొంగతనమునకు బయలుదేరు వారును దానినే పాఠ్యపుస్తకముగ వాడుచున్నారు.

మరి, ఫోటోల అలంకారము చేయు సైటులో దొంగిలించుటకు ఏమున్నది? ఫోటోలకొరకు ఎవడును రాలేదు. మనుష్యుడు ఒకే పదమును పది చోట్ల వాడును. ఆటల సైటునకు ఇచ్చిన పదమే తన ఈ-మెయిలునకును, ఈ-మెయిలునకు పెట్టినదే బ్యాంకునకును పెట్టుకొనియుండును. కావున ఆటల దుకాణములో దొరికిన చెవి మరియొక వీధిలోని ఇనుపపెట్టెను తెరచును. ఇందులో ఇంకొక విశేషము కలదు. బంగారము పోయినచో పెట్టె బోసిగ కనిపించును. పాస్‌వర్డు దొంగిలింపబడినను ఉన్న చోటనే ఉండును. యజమానికి ఏదియు తగ్గదు, అతని వ్యాపారము మరునాడు యథాప్రకారము సాగును. నష్టము వేరొక ఇంటిలో, వేరొక దినమున, వేరొక పేరుతో బయటపడును. తాను పోగొట్టుకొనని వస్తువు విలువను తెలిసికొనుట మానవునకు మిక్కిలి కష్టము. యజమానుల ఉదాసీనతకు మూలము దుర్మార్గము కంటె ఈ అనుభవలోపమే అని తోచుచున్నది.

ఇచ్చట మన ప్రాచీన వ్యవహారశాస్త్రము చేసిన ఒక విభాగము పనికివచ్చును. స్మృతులు చెప్పిన వర్ణభేదములను మన శరణులు అంగీకరింపలేదన్నది పాఠకులకు తెలియనిది కాదు. ఐనను ఇచ్చిపుచ్చుకొనుటలను గూర్చి ఆ గ్రంథములు చేసిన సూక్ష్మవిచారణను వదలుకొననక్కరలేదు. చూపి, లెక్కచెప్పి ఇచ్చినది నిక్షేపము. లోపల ఏమున్నదో చెప్పక, మూసిన పెట్టెతో ముద్రవేసి ఇచ్చినది ఉపనిధి అని యాజ్ఞవల్క్యుడు వేరుచేసి చెప్పెను. పాస్‌వర్డు ఈ రెండవ జాతికి చెందినది. దానితో ఇంకెన్ని తలుపులు తెరచుకొనునో ఇచ్చినవానికి తెలియును గాని పుచ్చుకొన్నవానికి తెలియదు. అట్టివాడు "నా యొద్ద విలువగలది ఏమియు లేదు" అని ఎట్లు పలుకగలడు? మూసిన పెట్టెను అటకమీద పారవేసి, ఇందులో ఏముండునులే అని తానే నిశ్చయించుకొనుట వంటిదే గదా ఇది.

ఐతే ఆ శాస్త్రములోనే యజమానులకు అనుకూలమైన మాట యొకటి ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు. రాజు హరించినను, దైవికముగ నశించినను, దొంగలు ఎత్తుకొనిపోయినను దాచినవాడు తిరిగి ఇయ్యనక్కరలేదని యాజ్ఞవల్క్యుడును, మనువును చెప్పియున్నారు. దొంగ వచ్చి తీసికొనిపోయెను, నేనేమి చేయుదునని హ్యాకింగునకు గురియైన సైటు యజమాని చేయు వాదమునకు ఇంతకంటె ప్రాచీనమైన ఆధారము దొరకదు. కాని స్మృతికారులు అచ్చట ఆగలేదు. దాచినవాని సొంత ధనముతోపాటు పోయినచో ఆ నష్టము ఇచ్చినవానిదే యని నారదుడు ఒక కొలత పెట్టెను. అందులో కపటముండరాదనియు చెప్పెను. ఉపేక్షవలన పోయినచో దాచినవాడే తీర్చవలెనని బృహస్పతి నిర్ణయము. నారదుని కొలతలోని లోకజ్ఞానము గమనింపదగినది. ఇల్లంతయు దోచిన దొంగ నిక్షేపమును కూడ దోచినాడనిన, గృహస్థుడు తన సొత్తును కాపాడినట్లే పరుల సొత్తును కాపాడియుండెనని తెలియును. తన నగలు ఇనుపపెట్టెలో భద్రముగ నుండగా, పొరుగువాని నగలు మాత్రము అరుగుమీదనుండి పోయినచో దొంగను ఎంత నిందించినను ఆ గృహస్థునకు విడుదల లేదు.

ఈ కొలతతో నేటి వెబ్‌సైటు యజమానులను కొలిచి చూడవలెను. తన లెక్కలు, తన బ్యాంకు ఖాతా, తన వ్యాపారరహస్యములు ఎట్టి కట్టుదిట్టములో ఉన్నవి? వాడుకదారుల పాస్‌వర్డులు ఎట్లున్నవి? రెండును ఒకే కాపలాలో ఉండి రెండును పోయినచో ఎవరును అతనిని నిందింపరు.

కాపలా అనగా ఏమి? దీనిని గూర్చి కొంత సాంకేతిక విషయము చెప్పక తప్పదు. కంప్యూటరునకు పాస్‌వర్డును జోడించినవారిలో మొదటివారుగ అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన ఫెర్నాండో కార్బటో మహాశయుని చెప్పుదురు. ఒకే యంత్రమును పలువురు పంచుకొను పద్ధతిని ఆయన బృందము 1961లో చూపినది. ఎవరి కాగితములు వారికి దక్కుటకు రహస్యపదము పెట్టినది. 1966లో అచ్చట ఒక విచిత్రము జరిగెను. ఒక అధికారి పాస్‌వర్డుల పట్టికను సరిదిద్దుచుండగా, అదే సమయమున మరియొకరు యంత్రము తెరచినవారికి కనబడు ఆనాటి ప్రకటనను సరిదిద్దుచుండిరి. యంత్రములోని పొరపాటువలన రెండు కాగితములు తారుమారయ్యెను. యంత్రము తెరచిన ప్రతివానికిని అందరి పాస్‌వర్డులు వరుసగ దర్శనమిచ్చెను! దొంగయే లేని దొంగతనమిది. దోషమంతయు దొంగదే యను మొదటి వాదమును తలచినపుడెల్ల ఈ సంఘటన నాకు గుర్తునకు వచ్చుచుండును. పట్టిక అక్షరాల వ్రాసియుండుటయే అసలు ప్రమాదము. దొంగ వచ్చుట రాకపోవుట తరువాతి మాట.

దీనికి నివారణ సైతము ప్రాచీనమే. బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్టు మోరిస్, కెన్ థామ్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన వ్యాసములో ఆ మార్గమును వివరించియున్నారు. పసుపుకొమ్మును దంచిన పొడి నుండి మరల కొమ్మును చేయలేము. అట్లే పాస్‌వర్డును గణితమను రోటిలో దంచి, వచ్చిన పొడిని మాత్రమే దాచవలెను. వాడుకదారుడు మరల వచ్చి పదమును చెప్పినపుడు దానిని కూడ అదే రోటిలో దంచి, రెండు పొడులు సరిపోయినచో లోనికి విడువవలెను. ఇద్దరు ఒకే పదము పెట్టుకొన్నచో ఒకే పొడి వచ్చి దొంగకు జాడ తెలియును గనుక, ఒక్కొక్కరి పదమునకు వేరువేరుగ చిటికెడు కలిపి దంచవలెను. ఆ చిటికెడునకు వారు పెట్టిన పేరు ఉప్పు! దొంగ కోట్లకొలది పదములను దంచి చూడకుండునట్లు దంచుట కావలెననియే ఆలస్యముగ సాగవలెనని కూడ వారు చెప్పిరి.

1979లో అచ్చయిన ఈ మాటను 2009లో రాక్‌యూ సంస్థ పాటింపలేదు. 2012లో లింక్డిన్ అను ఉద్యోగస్థుల సంస్థ దంచినది గాని ఉప్పు కలుపలేదు. మొదట 65 లక్షల పాస్‌వర్డుల పొడి బయటపడెనని అనుకొనిరి, 2016 నాటికి ఆ సంఖ్య 11 కోట్ల 70 లక్షలని తేలెను. 2013లో అడోబి సంస్థ దంచుటకు బదులు అన్నింటిని ఒకే చెవితో తాళమువేసి, ఆ ప్రక్కనే వాడుకదారులు తమకు గుర్తుండుటకు వ్రాసికొన్న సూచనలను తెరచియుంచెను. 2019లో ఫేస్‌బుక్ సంస్థ కోట్లాది పాస్‌వర్డులు తమ అంతర్గత చిట్టాలలో అక్షరాల నిలిచియుండెనని తానే ఒప్పుకొన్నది. వీరెవ్వరును పేదవారు కారు, విద్యావిహీనులు అంతకంటె కారు.

యజమానికి నిజముగ కావలసినదేమి? వచ్చినవాడు నిన్నటివాడేనా అని తెలిసికొనుట. దానికి పొడి చాలును, పదము అక్కరలేదు. పుట్టినతేది, తండ్రిపేరు, కులము, ఆధారు నంబరు మొదలగువానిని అడుగు సైటులను చూచుచున్నాము. అందు సగము దేనికో అడిగినవానికే తెలియదు. ఎప్పుడైన పనికివచ్చునని దాచుదురు. ఆయ్దక్కి మారయ్యశరణుని కథ మనయిండ్లలో పిల్లలకు సైతము తెలియును. నిత్యము ఏరుకొని వచ్చు బియ్యము కంటె ఒకనాడు ఎక్కువ తెచ్చినందుకు లక్కమ్మ భర్తను మందలించి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మన్నది. ఆ కథను ధనాశకు మాత్రమే అన్వయించుట మన అలవాటు. అక్కరకు మించి పోగుచేసిన పరుల వివరములు కూడ అట్టి మిగులు బియ్యమే. లేని వస్తువును దొంగిలించుట ఎంత గొప్ప హ్యాకరునకును సాధ్యము కాదు.

ఇక వాడుకదారునిదే తప్పను రెండవ వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. ఒకే చెవిని పది తలుపులకు వాడువాడు తన నష్టములో కొంత తానే కొనితెచ్చుకొనుచున్నాడు. 2023లో ట్వెంటీత్రీ అండ్ మీ అను సంస్థకు జరిగినది ఇందుకు ఉదాహరణము. ఉమ్మిని పరీక్షించి వంశవృత్తాంతము చెప్పు అమెరికా సంస్థ యది. వేరు సైటులనుండి దొంగిలింపబడిన పాస్‌వర్డులను తెచ్చి, అచ్చట ప్రయోగించి, హ్యాకర్లు దాదాపు 14 వేల ఖాతాలు తెరచిరి. బాధితులు వ్యాజ్యమునకు దిగగా, వారు పాత పాస్‌వర్డులనే అజాగ్రత్తగ మరల వాడుకొనిరని సంస్థ పక్షమున లేఖ వ్రాయబడెను. కాని ఆ 14 వేల ఖాతాల ద్వారమున, బంధువులను చూపు సదుపాయము మూలమున, బయటపడిన వివరములు 69 లక్షల మందివి! ఆ మిగిలినవారి పాస్‌వర్డులలో దోషమేమి? దూరపు చుట్టము తలుపు వదలుగ వేసికొన్నందుకు వారి కుటుంబచరిత్ర వీధిలో పడినది. ఆ తరువాత 2023 నవంబరులో సంస్థ రెండవ తనిఖీని, అనగా పాస్‌వర్డుతోపాటు మరియొక ఋజువును, అందరికి విధిగ చేసినది. ముందే చేయదగిన పనియని దానితోనే తేలుచున్నది.

నూరు సైటులకు నూరు పాస్‌వర్డులు గుర్తుంచుకొనుట మానవులకు సాధ్యము కాదు. ఈ సంగతి వాడుకదారుని కంటె సైటు యజమానికే బాగుగ తెలియును. జ్ఞానము ఎవరియొద్ద ఎక్కువో బాధ్యత వారియందు ఎక్కువ. ఈత రాదని తెలిసినవానిని పడవ ఎక్కించుకొన్న సరంగు, మునిగిన తరువాత అతనికి ఈత రాదని ఫిర్యాదు చేసిన ఎట్లుండును?

చిన్న సైటుల యజమానులు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయుదురు. మాది చిన్న పాఠశాల, మాది చేనేత సహకార సంఘము, ఇంజనీర్లను పెట్టుకొను స్తోమత మాకెక్కడిది అని. ఇది న్యాయమైన మాట; పెద్ద సంస్థల సాకులతో దీనిని కలుపరాదు. కాని పెట్టె కాపాడలేని ఇల్లు నిక్షేపమును పుచ్చుకొనకుండుట ఎల్లప్పుడును సాధ్యమే. పాస్‌వర్డు తీసికొనకయే సైటు నడుపవచ్చును; ఆ పనిని దానికై నిష్ఠతో పనిచేయు వేరొక సంస్థకు ఒప్పగింపవచ్చును. చేతగానితనము క్షమింపదగినదే, చేతగాదని తెలిసియు చేయి చాచుట క్షమింపదగినది కాదు.

తలుపు తెరచియున్నదని వచ్చి చెప్పువారియెడ యజమానులు చూపు వైఖరి మరియొక విచిత్రము. భద్రతాలోపములను వెదకి, దొంగిలింపక, యజమానికి తెలియజేయు యువకులు ప్రతి దేశములోను ఉన్నారు. వారికి బహుమానమిచ్చు సంప్రదాయమును నెట్‌స్కేప్ సంస్థ 1995లోనే ఆరంభించినది. నేడు పెద్ద సంస్థలు పెక్కు దానిని పాటించుచున్నవి. కాని పలువురు చిన్న యజమానులు అట్టివాని ఉత్తరము రాగానే నీవెవడవు, మా తలుపు ఎందుకు తట్టితివి, పోలీసులకు చెప్పెదమని బెదరింతురు. రాత్రివేళ దీపము పట్టుకొని వచ్చి మీ దొడ్డితలుపు తీసియున్నదని చెప్పినవానిని కొట్టిన ఊరిలో, మరునాడు ఎవడును చెప్పడు. చెప్పకుండ లోనికి వచ్చువాడు మాత్రము వచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు పోవుటకు ముందటి ధర్మము. పోయిన తరువాతి ధర్మము ఇంకను కఠినమైనది. యాహూ సంస్థయొద్ద 2013లోను, 2014లోను రెండు పెద్ద దొంగతనములు జరిగినవి. లోకమునకు అవి తెలిసినది 2016లో. 2014లో 50 కోట్ల ఖాతాలని ఒకమారు, 2013లో 100 కోట్లని మరియొకమారు చెప్పి, 2017 అక్టోబరులో ఆ రెండవ సంఖ్యను 300 కోట్లుగ, అనగా ఆనాటి యావత్తు ఖాతాలుగ, సవరించిరి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవని మన సామెత. ఇచ్చట ఏండ్లు పట్టినది. 2014 నాటి సంగతి తెలిసియు మదుపరులకు చెప్పనందులకు 2018లో అమెరికా ప్రభుత్వపు వాటాల నియంత్రణ సంఘము 3 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా విధించినది. గమనింపుడు, ఆ జరిమానా మదుపరులను మోసపుచ్చినందులకు. ఆ మధ్యకాలమున తమ చెవి దొంగచేతిలో ఉన్నదని తెలియక, తలుపు మార్చుకొనక నిద్రించిన కోట్లాది కుటుంబముల లెక్క అది కాదు.

ఉబర్ సంస్థ చేసినది మరింత దారుణము. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది వివరములు పోగా, హ్యాకర్లకు లక్ష డాలర్లిచ్చి, దానిని లోపములు చూపినవారికి ఇచ్చు బహుమానముగ చిట్టాలో వ్రాసికొని, ఒక సంవత్సరము మౌనము వహించినది. 2022లో ఆ సంస్థకు భద్రతాధికారిగ నుండినవానిని అమెరికా జూరీ దోషిగ నిర్ణయించెను. ఆయనపై మోపబడిన నేరము దొంగతనము జరుగనిచ్చుట కాదు, దాచిపెట్టుట.

మన కల్యాణపు బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును చూచెడి అధికారి యని పాఠకులెరుగుదురు. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో ఒక ఘట్టమున్నది. భండారములోని ధనము జంగములకు పోవుచున్నదని పిశునులు రాజుతో చెప్పిరి. పెట్టెలు తెరపించి లెక్కింపగా తక్కువ లేకపోయెను. కథలోని మహిమను భక్తులు భక్తితో చదువుదురు. ప్రస్తుతమునకు నేను చూచునది వేరొక అంశము. నింద వచ్చిన వెంటనే ఆయన పెట్టెలను మూయలేదు, గడువు అడుగలేదు, రాజు ఎదుట లెక్కకు పెట్టెను. పరధనమును కాచువాడు ఏ క్షణమునందైనను లెక్కకు నిలువగలిగియుండుట వేరు, పోయినపుడు సంఖ్య తగ్గించి చెప్పుట వేరు. తక్కువ వచ్చియుండినను ఆయన పెట్టె తెరచెడివాడే అని నేను నమ్ముదును.

మన దేశపు చట్టము ఈ విషయమున ఆలస్యముగ మేలుకొన్నది. సైబరు సంఘటన తమ దృష్టికి వచ్చిన 6 గంటలలో తెలుపవలెనని కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిలు 28న ఆదేశించినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు ప్రత్యేక చట్టమే వచ్చినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇయ్యబడినది. పరుల సమాచారమును చేతనుంచుకొన్నవానిని ఆ చట్టము పిలిచిన ఆంగ్లపదమునకు అర్థము, నమ్మకముమీద పుచ్చుకొన్నవాడు. నిక్షేపధారియే! తగిన రక్షణ చేయనివానికి 250 కోట్ల రూపాయల వరకును, పోయిన సంగతి తెలుపనివానికి 200 కోట్ల వరకును జరిమానా కలదు. కాని ఆ సొమ్ము దేశపు సంచితనిధికి చేరును. నష్టపోయిన గృహస్థునకు అందులో ఒక్క పైసా లేదు. నారదుడును బృహస్పతియు ఎవరికి తీర్చవలెనని తర్కించిరో ఆ మనిషిని మన చట్టము వాకిటిలోనే నిలిపినది. జరిమానాభయము యజమానిని జాగ్రత్తపరుపవచ్చును. నిక్షేపము ఇచ్చినవాని ఎడల ఋణభావమును అది కలిగింపగలదా యనునది సందేహమే.

చివరగ మన ఇంటి సంగతి. మఠములకు, సంఘములకు, కల్యాణమంటపములకు నేడు వెబ్‌సైటులు ఏర్పడుచున్నవి. వధూవరుల పట్టికలు ఇదివరలో కార్యదర్శి బీరువాలో నోటుపుస్తకముగ నుండెడివి; ఇప్పుడవి సైటులలో ఉన్నవి. ఆడపిల్లల ఫోటోలు, పుట్టినతేదులు, తండ్రుల ఫోను నంబర్లు, జీతభత్యములు. ఉత్సాహవంతుడైన ఒక యువకుడు సేవాభావముతో సైటు నిర్మించును. ఉద్యోగముపై హైదరాబాదునకో అమెరికాకో పోవును. అతడు పెట్టిన పాస్‌వర్డును కార్యవర్గములో అయిదారుగురు కాగితము ముక్కమీద వ్రాసికొని పంచుకొందురు. పెండ్లి జరిగి పిల్లలు పుట్టిన ఆడపడుచుల వివరములు సైతము తీసివేయబడక అట్లే ఉండిపోవును. నోటుపుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసిన కార్యదర్శులే, దీనిని గూర్చి అడిగినచో, మన సైటులో దొంగిలించుటకు ఏమున్నదండీ అని నవ్వుదురు.

వచ్చు సర్వసభ్యసమావేశములో ఆదాయవ్యయముల పట్టికతోపాటు ఈ ప్రశ్నలను కూడ సభ్యులు కార్యవర్గమును అడుగవచ్చును: సైటులో ఎవరెవరి వివరములున్నవి, ఎంతకాలము నుండి ఉన్నవి, తీసివేయుమని కోరిన కుటుంబమునకు ఎన్ని దినములలో తీసివేయుదురు, పాస్‌వర్డులు అక్షరాల ఉన్నవా దంచియున్నవా, తాళపుచెవి నేడు ఎవరియొద్ద ఉన్నది, రేపు పోయినచో ఎవరు ఎన్ని గంటలలో మాకు చెప్పుదురు. జవాబులు తెలియనిచో తెలియవని మినిట్సు పుస్తకములో వ్రాయించుట కూడ మంచిదే.